వచ్చేటోళ్ళది యా ఊరు?

రిసెర్చ్ నర్సు అంటే ఏం చేస్తుందని మా నాగలమడికలో ఎవరైనా అడిగితే, "నిద్రపోయేటోళ్ళ కాడ కూర్చోని, మేలుకున్నోళ్ళతో మాట్లాడతాది" అని చెప్పేది మా అమ్మ. చదువుకున్నవాళ్ళు చెప్పే వివరణలు చాలా విన్నాను గానీ ఇంతకంటే సరైనది వినలేదు. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో నా ఉద్యోగమంతా అదే. లోపల మంచం మీద స్పృహ లేని మనిషి, బయట బెంచీ మీద అతని ఇంటివాళ్ళు, మధ్యలో తిరుగుతూ నేను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి ఏ కోర్సు చదవాలి, ఏ ఊర్లో చేరాలి అని అడుగుతుంటారు. అవి చెప్పడానికి వేరే వాళ్ళున్నారు. నేను చెప్పదలచుకున్నది, రిటైరై ఇంటికొచ్చి ఇన్నాళ్ళయినా నాకు ఆశ్చర్యం తీరని కొన్ని సంగతులు. మనుషుల పేర్లు మార్చాను. రాస్తానంటే వాళ్ళు సరేనన్నారు.

తెర మీద చూసింది

మొదటిరోజు డాక్టర్ శివశంకర్ గారు నన్నొక రోగి దగ్గరికి పిలిచి స్కానింగు మిషన్ తెర నా వైపు తిప్పారు. ఒక మందు మీద మేం చేసే అధ్యయనానికి ఆయనే పెద్ద. మైసూరు మనిషి, మాటల్లో మహా పొదుపరి. రోగి గజ్జల దగ్గర ఆ మిషన్ ప్రోబు ఆనించారు. తెర మీద రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయి. ఒకటి ధమని, టకటకా కొట్టుకుంటోంది. పక్కది సిర, ఊరికే ఉంది. ఆయన ప్రోబును మెల్లగా నొక్కగానే ఆ సిర మెత్తగా మూసుకుంది, వదలగానే తెరుచుకుంది. మూసుకుంటే బాగున్నట్టు, మూసుకోకపోతే లోపల రక్తం గడ్డ ఉన్నట్టు అని చెప్పి వెళ్ళిపోయారు. పాఠం అంతే.

అప్పటికి నేను కొత్తదాన్నేమీ కాదు. చీకట్లో కూడా నరం దొరకబుచ్చుకుని సూది వెయ్యగలనని గర్వపడే రోజులవి. అయినా ఆ తెర ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. స్పృహ లేని మనిషి లోపల, పాలు తాగే బిడ్డ పెదాల్లాగా ఆ నరం మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు. మీకు ఎప్పుడైనా అది మామూలుగా అనిపిస్తే కొన్నాళ్ళు సెలవు పెట్టండి.

రక్తం పారాలి, గడ్డ కట్టడం కూడా దానికి తెలియాలి. వేలు తెగినప్పుడు గడ్డ కట్టకపోతే మనిషి దక్కడు. తెగని చోట, లోపల కడితే కూడా దక్కడు. పెద్ద జబ్బుతో కదలకుండా పడుకున్న మనిషికి కాళ్ళ లోపలి నరాల్లో రక్తం నెమ్మదిస్తుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి, గుండె దాటి, ఊపిరితిత్తుల్లో అడ్డం పడిందంటే నిన్న కోలుకుంటున్న మనిషి ఇవాళ ఉండడు. అందుకే గడ్డ కట్టకుండా పొట్ట చర్మం కింద ఒక సూది వేస్తారు. అది ఎక్కువైతే ఇంకో ప్రమాదం. ఒక రిటైర్డు మాస్టారు గుర్తున్నారు. గడ్డ రాకుండా కాపాడుతున్నామని మేమంతా ధీమాగా ఉన్నప్పుడు ఆయన కడుపులో రక్తం కారడం మొదలైంది. సూది ఆపి, రక్తం ఎక్కించి, కష్టం మీద నిలబెట్టారు. ఆ రోజు నుంచి నేను ఏ మందునూ 'మంచి మందు' అనడం మానేశాను.

మా అధ్యయనం అడిగిన ప్రశ్న ఒక్కటే. వెంటిలేటర్ మీదున్నవాళ్ళకు ఆ సూది మామూలు మోతాదులో వెయ్యాలా, కాస్త పెంచాలా? కొందరికి అది, కొందరికి ఇది. చూడ్డానికి సిరంజీలన్నీ ఒకటే. ఎవరికి ఏది పడుతోందో రోగికి తెలియదు, నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. మందు కలిపే గదిలో మాత్రమే తెలుసు. రోగి ప్రాణం కోసం అవసరమైతే తప్ప ఆ గుట్టు విప్పరు. ఇంకో నియమం, కొన్ని రోజులకోసారి అందరికీ రెండు కాళ్ళూ స్కాన్ చెయ్యాలి, వాపు ఉన్నా లేకపోయినా. ఈ నియమం నాకు మొదట్లో దండగ అనిపించింది.

పెన్ను ఎప్పుడు తియ్యాలి

మధ్యలో కొన్నాళ్ళు మాకొక మేనేజరు ఉండేవాడు. పొద్దున్నే వచ్చి అధ్యయనంలో ఎంతమందిని చేర్చావని అడిగేవాడు గానీ, ఆ చేరినవాళ్ళు ఎలా ఉన్నారని ఒక్కరోజూ అడగలేదు. తండ్రి కోసం ఏడుస్తున్న కూతురి చేతిలో అనుమతి సంతకానికి పెన్ను పెట్టి రమ్మని నన్ను తరిమేవాడు. ఇలాంటివాళ్ళు మీకూ తగులుతారు. నవ్వి తలూపండి, చెప్పింది మాత్రం చెయ్యకండి.

ఏడుస్తున్నవాళ్ళ ముందు పెన్ను తియ్యకూడదు. ముందు నీళ్ళివ్వాలి, పక్కన కూర్చోవాలి, 'వద్దు' అనే మాట వాళ్ళ నోటికి సులువుగా వచ్చేలా చెయ్యాలి. వద్దన్నవాళ్ళ రోగిని కాస్త చిన్నచూపు చూసినా మీరు ఈ పనికి పనికిరారు. నా మాట కటువుగా ఉంటుందని మా ఇంట్లో కూడా అంటారు. ఉండనివ్వండి.

చీటీ

తిప్పేసామిది మా వైపే, రాయచెర్లు అనే ఊరు. ఉన్న చేను సోలార్ పార్కు కింద లీజుకు పోయాక గొర్రెలు పెట్టుకున్నాడు, అప్పుడప్పుడు ప్యానెళ్ళు కడిగే పనికి వెళ్ళేవాడు. న్యుమోనియా ముదిరి, పావగడ నుంచి తుమకూరు, అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చేసరికి మాట పడిపోయింది. వచ్చిన వెంటనే వెంటిలేటర్ పెట్టారు. వెంట వచ్చింది ఇద్దరే, భార్య హనుమక్క, అతని అన్న ఈరన్న.

కర్ణాటక అంచున ఉన్న మా పావగడ తాలూకా నుంచి తెలుగువాళ్ళు ఎవరొచ్చినా నన్నే పంపేవాళ్ళు. నాదీ నాగలమడికే అనగానే హనుమక్క కాస్త జరిగి బెంచీ మీద చోటిచ్చింది. మా ఊరి వంకలు, మా ఊరి బస్సులు మాట్లాడుకున్నాక, ఈ అధ్యయనం సంగతి మెల్లగా చెప్పాను. ఏ మోతాదు పడేదీ ఎవరికీ తెలియదన్న చోట ఈరన్నకు కోపం వచ్చింది.

"ఎవురికీ తెల్దంటే ఏందమ్మా? మా వోని పానంతో ఆటలాడతారా?"

ఆయన కోపం న్యాయమైనదే. మాకు తెలిస్తే మా కళ్ళు మమ్మల్నే మోసం చేస్తాయని, ఎక్కువ మందు పడిన మనిషి బాగున్నట్టు ఊరికే కనిపిస్తాడని చెప్పబోయాను. నా చదువంతా వాడినా ఆయనకు ఎక్కలేదు. అంతవరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్న హనుమక్క బావగారి వైపు తిరిగింది.

"భాగాల కాడ చీటీలు యాస్తాము గదా, బావా. తీసేటోనికి యా చీటీలో యా చేనుండాదో తెలిస్తే మీరు ఒప్పుకుంటిరా?"

ఈరన్న కోపం దిగి బెంచీ చివర కూర్చున్నాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్న రోజు ఆయనకు గుర్తొచ్చి ఉండాలి. ఆ తర్వాత ఈ సంగతి ఎవరికి చెప్పాల్సి వచ్చినా నేను చీటీల మాటే చెప్పాను.

హనుమక్క నన్ను అడిగింది, "ఇది నా మొగునికి పనికొస్తాదా, సిస్టరమ్మా?"

"తెల్దు హనుమక్కా. రాకపోనూ వచ్చు. ఆయప్పకు చేసే వైద్యం ఎట్లైనా చేస్తారు. ఇది ముందుముందు ఇట్ల వచ్చేటోళ్ళ కోసరము."

"ఆ వచ్చేటోళ్ళది యా ఊరు?"

ఈ ప్రశ్నకు మాకు ఏ శిక్షణలోనూ జవాబు నేర్పలేదు. నాకు తెలియదని చెప్పాను. ఆమె కాసేపు ఐసీయూ తలుపు వైపు చూసింది. ఎవరో ఒకరు ఉంటారులే అని, పెన్ను తీసుకుని, మా వైపు బళ్ళలో నేర్పిన కన్నడ అక్షరాల్లో తన పేరు కూడబలుక్కుంటూ రాసింది.

మొగుడు తెల్లారేసరికి ఉంటాడో లేదో తెలియని మనిషి, ఊరూ పేరూ తెలియని వాళ్ళ కోసం సంతకం పెట్టింది. ఎన్నో గొప్ప మిషన్లు, గొప్ప మందులు చూశాను. ఇంత గొప్పది చూడలేదు. ఆమె సంతకం ఆరేదాకా నేను తలెత్తలేకపోయాను.

ఆముదం

మా వైపు మనిషి మంచాన పడితే ఇంటివాళ్ళ చెయ్యి మొదట కాళ్ళ మీదికే పోతుంది. పలకరింపు కూడా తర్వాతే. లోపలికి వదిలిన ప్రతిసారీ హనుమక్క మొగుడి కాళ్ళ దగ్గర నిలబడి ఒత్తేది. మొదటి స్కానులో రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి గనుక ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఎడమ పిక్క కొంచెం లావెక్కింది. డ్యూటీ నర్సు అడిగితే, అది నీళ్ళ వాపు, మా ఊర్లో అందరికీ ఉండేదే అని హనుమక్క చెప్పింది. మా తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. బిగుసుకుపోయిన మోకాళ్ళు, వంగిన నడుములు, గోధుమరంగు పళ్ళు లేని ఇల్లు అరుదు. కాలు ఎందుకు నొచ్చినా తప్పు నీళ్ళదే అని మాకు ఉగ్గుపాలతో పోస్తారు. పైగా ఐసీయూలో ఒళ్ళు వాచని రోగి ఉండడు. నర్సు సరే అనుకుంది. ఎవరి మాటా అబద్ధం కాదు. అలాంటి మాటలే ఎక్కువ ప్రమాదం.

హనుమక్క తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. కింద టీ అంగడిలో ఆముదం వెచ్చచేయించి, చిన్న సీసాలో పోసి, కొంగులో దాచుకుని లోపలికి తెచ్చేది. దుప్పటి కింద చెయ్యి పెట్టి మడమ నుంచి పైకి, పైకి రుద్దేది. ఈరన్న తలుపు దగ్గర కాపలా. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

స్కాను రోజు వచ్చింది. ఎవరికో అనుమానం వచ్చి కాదు, వంతు వచ్చింది గనుక. శివశంకర్ గారు కుడి కాలు చూశారు, సిర మూసుకుంది. ఎడమ వైపు ఆనించారు. మూసుకోలేదు. ఇంకాస్త మెల్లగా, ఇంకో చోట ప్రయత్నించారు. ఆ గుండ్రం అలాగే బిగుసుకుని ఉంది, లోపల బూడిద రంగులో ఏదో నిండి. ఆయన ప్రోబు తీసేసి తన చేతి తొడుగును వాసన చూసుకున్నారు. నా వైపు చూసి కన్నడంలో ఒక్క మాట అడిగారు, ఆముదమా అని.

నేనూ వంగి వాసన చూశాను, ఆముదమే. ఆ గడ్డ మీద వెచ్చటి నూనెతో ఎన్నిసార్లు చెయ్యి పైకి నడిచిందో ఎవరికి తెలుసు? ఏ ఒక్కసారి అది ఊడినా తిప్పేసామి మా కళ్ళముందే పోయేవాడు.

హనుమక్కను పిలిచి, తెర చూపించి, జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు. నూనె మెరుస్తున్న తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"అయితే నా చేతులే ఈయప్పను చంపుతుండెనా?"

నేను ఆ మాటను కన్నడంలోకి మార్చి డాక్టరుగారికి చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. నాకు తెలిసి ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. గడ్డ తెచ్చింది చేతులు కాదు, జబ్బూ పడకా అన్నారు. అది ఇంకా ఉన్నచోటే ఉంది, కదల్లేదు, ఇక ఆ కాలును రుద్దకూడదు, ఒత్తకూడదు అన్నారు. లేచి వెళ్ళబోతూ ఆగి, ఆ చేతులకు ఇంకేదైనా పని ఇవ్వమని నాకు చెప్పారు.

నేను ఈ వృత్తిలో నేర్చుకున్న అతి పెద్ద మాట అదే. ఇంటివాళ్ళను 'ముట్టొద్దు' అని ఊరికే గదమాయించకండి. ఆ చేతులు వేలాడుతూ ఉండలేవు. హనుమక్కకు తడి గుడ్డతో నుదురు తుడవడం, పెదాలు తడపడం, అరచెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలవడం చూపించాను. ఆమె ఆ పనులే పూజలా చేసింది.

ఈరన్న మాత్రం వదల్లేదు. ఎక్కువ సూది పడి ఉంటే ఇలా అయ్యేది కాదు కదా, ఇప్పుడైనా ఆ గుట్టు విప్పి చూడమన్నాడు. ఏది పడినా ఇక చెయ్యాల్సిన వైద్యం ఒక్కటే, అందుకే విప్పడం లేదని చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు. చివరిదాకా ఒప్పుకోలేదు. మీ పనిలో కొందరు అలాగే ఉంటారు, వాళ్ళు మీకు శత్రువులు కారు.

గడ్డ రాకుండా వేసే మోతాదు ఆపి, వచ్చిన గడ్డకు ఇచ్చే పూర్తి మందు మొదలుపెట్టారు. ఇక్కడ నన్ను ఇంకోసారి ఆశ్చర్యపరిచిన సంగతి చెప్పాలి. ఆ మందు గడ్డను కరిగిస్తుందని నేనూ అందరిలాగే అనుకునేదాన్ని. అది కరిగించదు. ఇంక పెరగకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కరిగించే పని ఆ మనిషి ఒళ్ళే చూసుకుంటుంది. తిప్పేసామికి స్పృహ లేదు, ఊపిరి మిషనుది, తిండి గొట్టంలోంచి. అలాంటి ఒళ్ళు కూడా ఎవరూ చెప్పకుండానే, లోపల కూర్చుని ఆ గడ్డను కొంచెం కొంచెంగా తినేస్తూ వచ్చింది. స్కాను చేసిన ప్రతిసారీ ఆ నరం ఇంకాస్త మూసుకునేది. దేవుడున్నాడా లేడా అని నన్ను అడగొద్దు, ఆ తెర మాత్రం చూశాను.

భయపడని రోజంటూ లేదు. మిషన్ కూత వేస్తే హనుమక్క నా మొహం చూసేది, నేను డాక్టరు మొహం చూసేదాన్ని. చివరికి ఒక పొద్దున తిప్పేసామి గొంతులోంచి గొట్టం తీశారు. రోగి తెలివిలోకి వచ్చాక అతన్నీ విడిగా అడిగి అనుమతి తీసుకోవాలి, వద్దంటే మానుకోవాలి. ఇది నియమం, మంచి నియమం. నేను అంతా మొదటి నుంచీ చెప్పాను. బొంగురు గొంతుతో అతను అన్న మొదటి పెద్ద వాక్యం ఇది.

"గొర్రెలు కూడా ఆమె సెప్పినట్టే అమ్ముతాను. ఇంగ దీనికి నన్నడిగేదేంది?"

అలా కాదు, ఇది నీ ఒళ్ళు, నువ్వే చెప్పాలి అన్నాను. అతను భార్య వైపు చూశాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది, తన మాట సాయం రాకూడదని. అప్పుడు సరేనన్నాడు.

హనుమక్క మొదట్లో అడిగింది కదా, నా మొగునికి పనికొస్తుందా అని. ఆ సూది పనికొచ్చిందో లేదో నేను చెప్పలేను. అధ్యయనం ఏం తేల్చిందో డాక్టర్ల పత్రికల్లో చదువుకోండి. కానీ నేను దండగ అనుకున్న ఆ స్కాను, వాపు ఉన్నా లేకపోయినా వంతు ప్రకారం చూడాలన్న ఆ మొండి నియమం, తిప్పేసామిని ఇంటికి పంపింది. ఆ నియమానికి మా ఊరి నీళ్ళ సంగతి తెలియదు. తెలియకపోవడమే మేలైంది.

క్యాతగానచెర్లు

రిటైరయ్యాక నేను నాగలమడికకే వచ్చేశాను. మొన్న వేసవిలో హనుమక్క ఫోన్ చేసి, క్యాతగానచెర్లులో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెంటనే రమ్మంది. చెల్లెలి కూతురు మంజుల బాలింత. కాన్పు కష్టమై ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చినప్పటి నుంచి మంచం దిగనివ్వలేదు, నీళ్ళు కూడా గుక్కెడే. మా వైపు బాలింతకు అదే పథ్యం. ఇప్పుడు ఎడమ కాలు వాచింది.

రెండు పక్కలా ప్యానెళ్ళే ఉన్న రోడ్డులో షేర్ ఆటో పోతుంటే, దారి పొడుగునా నాకు ఆ మూసుకోని నరమే కనిపించింది. ఇంట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద ఆముదం వెచ్చబడుతోంది. హనుమక్క మంచం మీద, మంజుల కాలికి అడ్డంగా కూర్చుని ఉంది. చెల్లెలు ఆమెను లేవమని బతిమాలుతోంది. నీళ్ళ వాపక్కా, రుద్దితే పోతుంది అంటోంది.

హనుమక్క లేవలేదు. "రెండు కాళ్ళూ తాగేది ఒగే నీళ్ళు గదే. ఒగ కాలే యాల వాసింది?"

చెల్లెలు వెళ్ళి పొయ్యి మీది ఆముదం గిన్నె దించేసింది. నేను ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. పిల్లను మెల్లగా ఆటోలో కూర్చోబెట్టుకుని పావగడకు బయలుదేరాం. హనుమక్క దారంతా మంజుల అరచెయ్యి పట్టుకుని ఉంది. వాచిన కాలి మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ప్రోబు ఆనించి నొక్కాడు. నేను తెర చూశాను. మూసుకోలేదు. గడ్డ తొడలోనే ఉంది, పైకి పోలేదు. అతను మంజుల బరువు అడిగి, సూది ఎంత వెయ్యాలో, ఎన్నాళ్ళు వెయ్యాలో నర్సుకు గడగడా చెప్పేశాడు. చంటిబిడ్డకు పాలివ్వొచ్చా అని చెల్లెలు భయపడుతూ అడిగితే, నిశ్చింతగా ఇవ్వమన్నాడు. ఎక్కడా తడుముకోలేదు. సూది పడింది. మంజుల ఊపిరి నిదానంగా ఆడుతోంది. కాసేపటికి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

హనుమక్క నన్ను వరండాలోకి పిలిచింది. ఆ అబ్బాయికి ఎంత వెయ్యాలో అంత బాగా ఎట్లా తెలుసని అడిగింది. ఏదో చెప్పబోయి ఆగి, ఉన్నదే చెప్పాను. ఎక్కడెక్కడో, ఎన్నో దేశాల్లో, ఎందరో మంచాల మీద పడుకుని ఉంటే వాళ్ళ ఇంటివాళ్ళు సరేనన్నారు. తిప్పేసామి ఒక్కడి వల్ల కాదు, ఈ పిల్ల జబ్బూ అతని జబ్బూ ఒకటి కాదు. కానీ ఈ సూది ఎవరికి ఎంత అన్నది అలా ఒక్కొక్కరు సరేనంటేనే తెలిసింది, ఆ సరేనన్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు అన్నాను.

ఆమె కిటికీలోంచి లోపల పాలు తాగుతున్న బిడ్డను చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నేనడిగితే తెల్దంటివి గదా, సిస్టరమ్మా, వచ్చేటోళ్ళది యా ఊరని," అంది. "రాసుకో. క్యాతగానచెర్లు."